దక్షిణాఫ్రికా ఎలా పుట్టింది? వలసలు, యుద్ధాలు, యూనియన్: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణాఫ్రికా అనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చేవి మూడు: గాంధీజీని రైలు నుంచి దించేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషను, మండేలా గడిపిన 27 ఏళ్ల జైలు జీవితం, క్రికెట్. వీటి వెనక ఉన్న మూడున్నర శతాబ్దాల కథలోకి దిగితే మాత్రం, పోటీ పరీక్షలకు చదివే విద్యార్థుల నుంచి డర్బన్‌లో దూరపు చుట్టాలున్న పెద్దవారి వరకు అందరూ ఇంచుమించు అవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే వాటిని కాలక్రమంలో విడదీసి ఇక్కడ చేర్చాను; ఏ ప్రశ్నను ఆ ప్రశ్నగా విడిగా చదువుకోవచ్చు. నా అభిప్రాయం దాచుకోవడం లేదు: 1910లో నాలుగు కాలనీలు కలిసి ‘యూనియన్’ పేరుతో ఏర్పడిన దేశం, ఒకరితో ఒకరు యుద్ధం చేసిన రెండు తెల్ల వర్గాలు ఆ తర్వాత కుదుర్చుకున్న రాజీ. ఆ రాజీ ఖర్చు మాత్రం, చర్చలకు పిలుపే అందనివారి మీద పడింది.

## కేప్ తీరంలో తొలి అడుగులు (1652–1795)

తెల్లవాళ్లు వచ్చేసరికి అక్కడ అంతా ఖాళీ నేలేనంటారు, నిజమేనా?

నిజం కాదు. 1652 ఏప్రిల్ 6న యాన్ వాన్ రీబెక్ నాయకత్వంలో డచ్ ఈస్టిండియా కంపెనీ మనుషులు ఆఫ్రికా దక్షిణ కొసన, కేప్ తీరంలోని టేబుల్ అఖాతంలో దిగేనాటికే, ఆ ప్రాంతంలో పశువులు మేపుకుంటూ ఋతువును బట్టి చోటు మారే ఖోయ్‌ఖోయ్ జనం, వేట మీద, అడవి దుంపల మీద బతికే సాన్ జనం తరతరాలుగా ఉన్నారు. తూర్పున, వానలు బాగా పడే ప్రాంతాలలో, జొన్న పండించే, ఇనుము కరిగించే, బంటు భాషలు మాట్లాడే సమాజాలు అంతకు వెయ్యేళ్లకు పైబడే స్థిరపడి ఉన్నాయి. ఖోయ్‌ఖోయ్‌లకు ఏడాది పొడవునా ఒకేచోట ఇళ్లు లేకపోవడాన్ని చూసి, నేలకు యజమానులే లేరని వచ్చినవారు తీర్మానించుకున్నారు. వేసవిలో ఒక బీడు, చలికాలంలో మరో బీడు మేపుకునే కాపరికి ఆ రెండూ తనవేనన్న సంగతి వారికి అర్థం కాలేదనడం కంటే, అర్థం చేసుకోవడం వారికి లాభసాటి కాలేదనడం సబబు. ‘ఖాళీ నేల’ వాదాన్ని తర్వాతి ప్రభుత్వాలు బడి పుస్తకాలలోకి కూడా ఎక్కించాయి. అది ఇంకా చలామణిలో ఉండటానికి అదొక కారణం.

డచ్చివారు వ్యాపారానికి వచ్చారా, కాపురానికి వచ్చారా?

వచ్చింది వ్యాపారం కోసమే. ఐరోపా నుంచి తూర్పు దేశాలకు నెలల తరబడి సాగే ప్రయాణంలో ఓడలకు మంచినీళ్లు, కూరగాయలు, మాంసం అందించే మజిలీ ఒకటి కంపెనీకి అవసరమైంది. అయితే తోట వేసి, మాంసానికి ఖోయ్‌ఖోయ్‌ల దగ్గర పశువులు కొని సరిపెట్టుకోవడం ఖర్చుతో కూడిన పని అని తేలడంతో, 1657లో తొమ్మిదిమంది ఉద్యోగులను కొలువు నుంచి విడుదల చేసి, లీస్‌బీక్ నది ఒడ్డున భూములు ఇచ్చి, గోధుమ పండించమన్నారు. చరిత్ర మలుపు తిరిగింది నా లెక్కలో 1652లో కాదు, ఇక్కడే. ఉద్యోగికి తిరుగు ప్రయాణం ఉంటుంది. భూమి దక్కిన రైతుకు ఉండదు. ఆ నది ఒడ్డు ఖోయ్‌ఖోయ్‌ల మేతభూమి, నీటిరేవు. రెండేళ్లు తిరగకుండానే, 1659లో మొదటి యుద్ధం వచ్చింది.

ఆ యుద్ధం సద్దుమణిగాక, పశువులను అటూ ఇటూ తోలుకుపోకుండా వాన్ రీబెక్ సరిహద్దు వెంట అడవి బాదం మొక్కలతో కంచె నాటించాడు. ఆ చెట్లు కొన్ని కేప్‌టౌన్‌లోని కిర్‌స్టెన్‌బాష్ వృక్షోద్యానంలో ఇప్పటికీ బతికే ఉన్నాయి. కొమ్మలు నిటారుగా పెరగవు. నేల మీదకు వాలి, ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయి, మనిషి దూరడానికి సందు లేని పొదలా అల్లుకుంటాయి. ‘ఇటు మాది, అటు మీది’ అని ఆ దేశంలో గీసిన తొలి గీతలలో ఒకటి ఇలా చెట్టు రూపంలో మిగిలింది.

కేప్‌లో బానిసలు ఎక్కడివారు? మన తీరం నుంచి కూడా తీసుకువెళ్లారా?

తీసుకువెళ్లారు. 1658 నుంచి 1808లో బానిసల వ్యాపారం ఆగేవరకు సుమారు 63,000 మందిని కేప్‌కు చేర్చినట్లు చరిత్రకారుల అంచనా. వారు మడగాస్కర్, తూర్పు ఆఫ్రికా, నేటి ఇండోనేషియా దీవులు, భారత ఉపఖండం అనే నాలుగు ప్రాంతాల నుంచి వచ్చారు. ఉపఖండం నుంచి వెళ్లినవారిలో బెంగాలు, మలబారు, కోరమాండల్ తీరాలవారు ఉన్నారు. బందరు, పులికాట్, భీమిలి రేవుల్లో గిడ్డంగులు నడిపినదీ, కేప్‌ను నడిపినదీ ఒకే డచ్ కంపెనీ. భీమిలిలో డచ్చివారి సమాధులను చూసినవారు ఈ సంగతి ఒకసారి తలచుకోవచ్చు. బానిసల సొంత పేర్లు దస్తావేజులలో నిలవలేదు. ఒక కొత్త పేరు పెట్టి, దాని పక్కన ‘బెంగాలు’, ‘కోరమాండల్’ అని ఊరికి బదులు తీరం పేరు తగిలించేవారు. అందువల్ల వీరిలో తెలుగువారెందరో విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

బోయర్లు, ఆఫ్రికానర్లు, డచ్చివారు ఒకరేనా?

కొంతవరకు ఒకరే. డచ్ భాషలో ‘బోయర్’ అంటే రైతు. డచ్చివారితో పాటు జర్మన్లు, 1688 ప్రాంతంలో మతహింస తప్పించుకుని వచ్చిన ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు కలిసి ఈ జనం ఏర్పడ్డారు. వారి డచ్చి భాష, బానిసల నోళ్లలో, ఖోయ్‌ఖోయ్‌ల నోళ్లలో నలిగి ఆఫ్రికాన్స్‌గా మారింది. ఆ భాషను తొలినాళ్లలో రాసినవారిలో, అరబ్బీ లిపి వాడిన కేప్ ముస్లింలు ఉన్నారన్నది, ‘తెల్లవారి భాష’ అన్న ముద్రను సందేహించేలా చేసే విషయం. ఆఫ్రికానర్ అన్న పేరు 19వ శతాబ్దంలో జాతీయవాదంతో పాటు స్థిరపడింది.

## సరిహద్దు యుద్ధాలు, బోయర్ల తరలిపోత (1795–1870)

డచ్చివారి కేప్ బ్రిటిష్‌వారి చేతికి ఎలా వచ్చింది?

ఐరోపాలో జరిగిన యుద్ధాల వల్ల. నెదర్లాండ్స్ ఫ్రెంచివారి గుప్పిట్లోకి పోవడంతో, భారతదేశానికి వెళ్లే దారి శత్రువు పాలు కాకూడదని బ్రిటన్ 1795లో కేప్‌ను ఆక్రమించింది. 1803లో తిరిగి ఇచ్చి, 1806లో మళ్లీ పట్టుకుంది. 1814లో అది ఒప్పందపూర్వకంగా బ్రిటన్‌దే అయింది. అంటే, కేప్ భవితవ్యాన్ని రెండుసార్లు నిర్ణయించింది మన సముద్రమార్గమే.

ఖోసాలతో నూరేళ్లు యుద్ధం ఎందుకు జరిగింది?

మేతభూమి కోసం, నీటి కోసం, పశువుల కోసం. పశువులు పెంచే బోయర్లు తూర్పుకు, పశువులు పెంచే, బంటు భాష మాట్లాడే ఖోసాలు పడమటికి జరుగుతూ ఫిష్ నది దగ్గర ఎదురుపడ్డారు. 1779 నుంచి 1879 వరకు తొమ్మిది యుద్ధాలుగా లెక్కిస్తారు. మొదటివి పశువుల దోపిడీ, ఎదురు దోపిడీ స్థాయిలోనే ఉన్నాయి. 1811–12లో బ్రిటిష్ సైన్యం దిగాక వాటి స్వభావం మారింది: కర్నల్ జాన్ గ్రాహం దళాలు పైర్లు తగలబెట్టి, సుమారు 20,000 మంది ఖోసాలను ఫిష్ నది అవతలికి తరిమాయి. అక్కడ వెలసిన దండు ఊరికి గ్రాహమ్స్‌టౌన్ అని పేరు పెట్టారు. 1819లో ఆ ఊరి మీద దాడి చేసి ఓడిన ఖోసా ప్రవక్త మఖాండాను రాబెన్ దీవికి పంపారు. తప్పించుకోబోతూ అతడు సముద్రంలో మునిగిపోయాడు. 2018లో ఆ ఊరి పేరును మఖాండాగా మార్చారు.

1820లో బ్రిటన్ నుంచి సుమారు 4,000 మందిని తెచ్చి, తలా వంద ఎకరాల లెక్కన ఈ సరిహద్దు మీదే కూర్చోబెట్టారు. రైతులని చెప్పి తెచ్చారు గాని, వారి అసలు పని మనుషులతో కట్టిన గోడలా నిలబడటం. ఆ నేల గోధుమకు పనికిరాదని తెలిశాక చాలామంది పొలాలు వదిలి పట్నాలకు చేరారు.

ఇక 1856–57లో జరిగింది మరో రకం విషాదం. ఐరోపా నుంచి వచ్చిన ఊపిరితిత్తుల రోగంతో ఖోసాల పశువులు అప్పటికే కుప్పలుగా చచ్చిపోతున్నాయి, వరుస యుద్ధాలలో భూమి పోయింది. అటువంటి వేళ నోంగ్‌కౌసే అనే చిన్న వయసు పిల్ల, పశువులను చంపి పాతర్లు ఖాళీ చేస్తే పూర్వీకులు లేచి వస్తారని, కొత్త మందలు పుట్టుకొస్తాయని చెప్పింది. సుమారు 4 లక్షల పశువులను చంపారని, 40,000 మంది ఆకలితో పోయారని అంచనా. గవర్నర్ జార్జ్ గ్రే ఈ కరువును అదనుగా తీసుకుని, బతికినవారిని కేప్‌లో కూలిపనికి మళ్లించి, ఖాళీ అయిన నేలలో తెల్లవారిని స్థిరపరచాడు. దీన్ని ‘మూఢనమ్మకం’ అని ఒక్క మాటతో తేల్చేసేవారు, అప్పటికి ఎనభై ఏళ్లుగా సాగుతున్న యుద్ధాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

బోయర్లు కేప్‌ను వదిలి ఎందుకు వెళ్లిపోయారు? బానిసత్వం రద్దు చేసినందుకేనా?

అదొక ముఖ్య కారణం, కాని ఒక్కటే కాదు. బ్రిటన్ 1834లో బానిసత్వాన్ని రద్దు చేసి, నాలుగేళ్ల ‘శిక్షణ’ పేరుతో మరికొంత కాలం సాగదీసి, 1838లో కేప్‌లోని సుమారు 38,000 మందిని విడుదల చేసింది. పరిహారం యజమానులకు ఇచ్చారు, బానిసలకు కాదు. అదీ లండన్‌లో చెల్లించే ఏర్పాటు కావడంతో మధ్య దళారులే చాలా భాగం మింగారు. దీనికి తోడు సరిహద్దు యుద్ధాల నష్టం, భూమి కొరత, ఆంగ్లం పెత్తనం, నల్లవారిని చట్టం ముందు తమతో సమానం చేస్తున్నారన్న ఉక్రోషం ఉన్నాయి. 1835 తర్వాత కొన్నేళ్లలో 12,000 నుంచి 15,000 మంది బోయర్లు ఎద్దుబండ్ల మీద ఉత్తరానికి, తూర్పుకు తరలిపోయారు. దీన్నే గ్రేట్ ట్రెక్ అంటారు. వారితో పాటు బండ్లు తోలడానికి, పశువులు కాయడానికి వెళ్లిన నల్లజాతి పనివారి సంగతి ఆ వీరగాథల్లో కనిపించదు. ఈ తరలిపోతలోంచే ఆరెంజ్ ఫ్రీ స్టేట్, ట్రాన్స్‌వాల్ గణతంత్రాలు పుట్టాయి; 1852, 1854 ఒప్పందాలతో బ్రిటన్ వాటిని గుర్తించింది.

డిసెంబరు 16కు అంత ప్రాముఖ్యం ఎందుకు?

1838లో ఆ రోజున ఎన్‌కోమే నది ఒడ్డున, బండ్లను గుండ్రంగా కట్టి కోటలా చేసుకున్న సుమారు 470 మంది బోయర్లు, తుపాకుల బలంతో డింగానే రాజు జులూ సైన్యాన్ని ఓడించారు. జులూలు దాదాపు 3,000 మంది చనిపోయారు. బోయర్లలో ముగ్గురికి గాయాలు తగిలాయి. అంతకు పది నెలల ముందు, భూమి ఒప్పందానికి వచ్చిన పీట్ రెటీఫ్ బృందాన్ని డింగానే చంపించాడు. గెలిపించింది దేవుడేనని నమ్మిన బోయర్లు ఆ తేదీని దైవంతో కుదిరిన ప్రమాణ దినంగా జరుపుకున్నారు. 1961లో, నల్లవారి హక్కుల కోసం పోరాడిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ సాయుధ విభాగం కావాలనే అదే తేదీన తన తొలి దాడులు చేసింది. 1995 నుంచి అది సమాధాన దినంగా సెలవురోజు. తేదీ ఒకటే, దాన్ని జరుపుకునేవారు రెండుసార్లు మారారు.

చుట్టూ దక్షిణాఫ్రికా ఉండగా మధ్యలో లెసోతో విడి దేశంగా ఎలా మిగిలింది?

మొషోషో రాజు దౌత్యం వల్ల, కొండ వల్ల. ఆయన థాబా బొసియు అనే నిటారు అంచుల కొండను కోటగా చేసుకుని, చెదిరిపోయిన తెగలను చేరదీసి బసూతో రాజ్యాన్ని నిర్మించాడు. ఆరెంజ్ ఫ్రీ స్టేట్ బోయర్లు వరుస యుద్ధాలతో మైదానపు సారవంతమైన పొలాలు లాక్కున్నాక, మొత్తం పోయేలోపు 1868లో తన రాజ్యాన్ని బ్రిటిష్ రాణి రక్షణ కిందకు తెచ్చాడు. కాలెడాన్ నదికి పడమటి పొలాలు తిరిగి రాలేదు. కాని బ్రిటన్ నేరుగా పాలించే ప్రాంతం కావడంతో 1910 యూనియన్‌లో కలవకుండా, 1966లో స్వతంత్రమైంది.

## వజ్రాలు, బంగారం, చెరకు (1860–1899)

వజ్రాలు, బంగారం దొరక్కపోతే ఈ దేశం ఏర్పడేదా?

ఏర్పడినా ఇంత తొందరగా, ఈ రూపంలో ఏర్పడేది కాదని నా నమ్మకం. 1867లో వజ్రం దొరికే నాటికి ఆ ప్రాంతం పేద పశుకాపరుల నేల. 1871లో కింబర్లీ గనులున్న చోటును బ్రిటన్ కలిపేసుకుంది. బోయర్లు ఆ నేల తమదన్నారు, ఖోయ్‌ఖోయ్, ఐరోపా మిశ్రమ సంతతివారైన గ్రిక్వాలు తమదన్నారు, ఎవరి మాటా చెల్లలేదు. 1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడటంతో, కేప్‌ను కాదని పారిపోయిన బోయర్ల ట్రాన్స్‌వాల్ ఒక్కసారిగా ఆ ఖండంలోనే సంపన్నమైన ప్రాంతమైంది.

ఆ బంగారం రాతిలో పలచగా, చాలా లోతున ఉంటుంది. టన్నుల కొద్దీ రాయి తవ్వితే చిటికెడు వస్తుంది. అమ్మే ధర ఆనాడు ప్రపంచమంతటా స్థిరం కనుక గని యజమాని తగ్గించగలిగింది కూలి ఒక్కటే. చౌక కూలీలు కావాలంటే నల్లవారి చేతిలో సొంత పొలం ఉండకూడదు, పన్ను నగదులోనే కట్టాలి, పాస్ అనే అనుమతి చీటీ లేకుండా తిరగకూడదు. గుడిసె పన్ను, తల పన్ను, పాస్ చట్టం, గేటు వేసి ఉంచే కూలీల బారకాసులు ఈ లెక్కలోంచే బలపడ్డాయి. 1899 నాటికి విట్‌వాటర్స్‌రాండ్ గనుల్లో సుమారు లక్షమంది ఆఫ్రికన్ కూలీలు ఉన్నారు.

జులూలు బ్రిటిష్‌వారిని ఓడించారట, మరి రాజ్యం ఎలా పోయింది?

1879 జనవరి 22న ఇసాండ్ల్వానా దగ్గర జులూ సైన్యం, ఎక్కువగా ఈటెలతోనే, ఆధునిక తుపాకులున్న బ్రిటిష్ దండును తుడిచిపెట్టింది. ఆ అవమానానికి బదులు తీర్చుకోవడానికి అదనపు బలగాలు వచ్చి, జూలైలో ఉలుండి దగ్గర రాజ్యాన్ని కూల్చాయి. రాజు సెట్ష్‌వాయోను కేప్‌కు పంపి, రాజ్యాన్ని పదమూడు ముక్కలు చేసి ఒకరికొకరు పడని నాయకులకు పంచారు. యుద్ధం చేయలేని పనిని ఆ పంపకం చేసింది.

తెలుగువారు నేటాల్‌కు ఎందుకు, ఎలా వెళ్లారు?

ఆగ్నేయ తీరాన బ్రిటిష్ కాలనీ అయిన నేటాల్‌లో చెరకు వేసిన ఆంగ్ల తోటల యజమానులకు కూలీలు దొరకలేదు. జులూలకు ఇంకా సొంత భూములు, పశువులు ఉన్నాయి. ఇతరుల తోటలో ఏడాది పొడవునా వంగి పనిచేయాల్సిన అగత్యం వారికి లేదు. అందుకని ఐదేళ్ల ఒప్పందం మీద భారతదేశం నుంచి కూలీలను రప్పించారు. మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో రవాణా ఆగేవరకు 1,52,184 మంది వెళ్లారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఓడ ఎక్కినవారే. తమిళులతో పాటు విశాఖ, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అందులో ఉన్నారు. 1866లో ఆగిన రవాణా 1874లో మళ్లీ మొదలైంది. ఆ రెండేళ్లకే మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న మహా కరువు వచ్చింది. ఆశ చూపే దళారికి అంతకంటే అనువైన కాలం ఉండదు.

మొదటి ఏడాది కూలి నెలకు పది షిల్లింగులు, ఆ పైన ఏటా ఒక షిల్లింగు పెంపు, తిండి, బస. పనికి రాని రోజుకు కోత. నేటాల్ తెల్లవారి ఉనికికి జులూల నేల, భారతీయుల శ్రమ రెండూ కావలసి వచ్చాయి. ఇద్దరికీ ఓటు మాత్రం అక్కరలేదన్నారు.

మూడు పౌండ్ల పన్ను అంటే ఏమిటి?

ఒప్పందం ముగిశాక తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందం రాయకుండా, స్వేచ్ఛగా ఉండిపోయే భారతీయుల మీద 1895లో నేటాల్ వేసిన ఏటేటా పన్ను. ఒప్పందం తొలి ఏడాది కూలి ప్రకారం అది ఆరు నెలల సంపాదన. తర్వాత ఆడవారికి, పెరిగిన పిల్లలకు కూడా వర్తింపజేయడంతో ఒక కుటుంబం కట్టలేని భారమైంది. 1913లో బొగ్గు గనుల నుంచి చెరకు తోటల దాకా వేలమంది పని మానేశారు. 1914లో పన్ను రద్దయింది. ఆ సమ్మె కీర్తి గాంధీజీకి దక్కడం సహజమే గాని, జైలుకు వెళ్లింది, కాల్పులకు ఎదురు నిలిచింది తమిళ, తెలుగు, హిందీ కూలీలు.

## యుద్ధం నుంచి యూనియన్‌కు (1899–1910)

బోయర్ యుద్ధంలో నిర్బంధ శిబిరాల సంగతి నిజమేనా?

నిజమే. బ్రిటన్‌కు, రెండు బోయర్ గణతంత్రాలకు మధ్య 1899 అక్టోబరు 11న మొదలైన యుద్ధంలో బోయర్ రాజధానులు ఏడాది తిరగకుండానే పడిపోయినా, వారు గుర్రాల మీద గెరిల్లా పోరు సాగించారు. వారికి ఆశ్రయం లేకుండా చేయడానికి బ్రిటిష్ సైన్యం సుమారు 30,000 పొలం ఇళ్లు తగలబెట్టి, ఆడవారిని, పిల్లలను గుడారాల శిబిరాలకు తోలింది. తట్టు, విరేచనాలు, తిండిలేమితో సుమారు 28,000 మంది బోయర్లు చనిపోయారు, అత్యధికులు పిల్లలు. ఎమిలీ హాబ్‌హౌస్ అనే ఆంగ్ల మహిళ స్వయంగా తిరిగి చూసి రాసిన నివేదిక లండన్‌ను కుదిపింది.

దీని పక్కనే నల్లజాతివారి శిబిరాలు వేరుగా ఉండేవి. అక్కడ నమోదైన మరణాలే 14,000 దాటాయి. లెక్కకెక్కనివి కలిపితే 20,000 పైనే ఉంటాయని పరిశోధకుల అభిప్రాయం. బోయర్ స్త్రీల కోసం 1913లోనే బ్లూమ్‌ఫాంటేన్‌లో పెద్ద స్మారక స్తంభం లేచింది. నల్లవారి మరణాల ఈ రెండో జాబితా కోసం దశాబ్దాల పాటు ఎవరూ వెతకలేదు. ‘తెల్లవారి యుద్ధం’ అన్న పేరు పడటానికి అదే కారణం; నిజానికి రెండు పక్షాలలోనూ నల్లవారు వేలల్లో బండ్లు తోలారు, వేగు నడిపారు, చనిపోయారు.

ఓడిపోయిన బోయర్ సేనాని ఎనిమిదేళ్లకే ప్రధాని ఎలా అయ్యాడు?

గెలిచినవారికి కావలసింది ప్రతీకారం కాదు, బంగారు గనులు నడిచే స్థిరమైన ప్రభుత్వం. 1902 మే 31 నాటి ఫెరీనిఖింగ్ సంధిలో బోయర్లు స్వాతంత్ర్యం వదులుకున్నారు. బదులుగా పొలాలు నిలబెట్టుకోవడానికి బ్రిటన్ 30 లక్షల పౌండ్లు ఇచ్చింది, త్వరలో స్వపరిపాలన ఇస్తామంది. ఆ సంధిలోని ఎనిమిదవ నిబంధన చిన్నది, కాని నా దృష్టిలో ఈ కథంతటికీ ఇరుసు అదే: స్థానికులకు ఓటు ఇచ్చే విషయాన్ని స్వపరిపాలన వచ్చిన తర్వాతే నిర్ణయిస్తారు. స్వపరిపాలన వస్తే ఓటు వేసేది తెల్లవారే. అంటే నిర్ణయం ఏమిటో సంతకం నాడే అందరికీ తెలుసు. యుద్ధానికి ముందు, నల్లవారిని బోయర్లు హింసిస్తున్నారని లండన్ ప్రచారం చేసుకుంది. 1907 ఎన్నికలలో బోయర్ సేనాని లూయీ బోతా పార్టీ ట్రాన్స్‌వాల్‌లో గెలిచింది. 1910లో ఆయనే యూనియన్ తొలి ప్రధాని.

రాజ్యాంగం రాసినవారిలో నల్లవారు ఎవరైనా ఉన్నారా?

ఒక్కరూ లేరు. 1908 అక్టోబరులో డర్బన్‌లో మొదలైన జాతీయ సమావేశంలో అందరూ తెల్ల పురుషులే. 1911 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెల్లవారు దాదాపు ఐదో వంతు, ఆఫ్రికన్లు మూడింట రెండు వంతులు. కేప్‌లో మాత్రం 1853 నుంచి ఆస్తి ఉన్న పురుషుడికి రంగుతో నిమిత్తం లేకుండా ఓటు ఉండేది. మిగిలిన మూడు కాలనీలు (నేటాల్, ట్రాన్స్‌వాల్, ఫ్రీ స్టేట్) దాన్ని ఒప్పుకోలేదు. చివరికి ఎవరి పద్ధతి వారికి ఉంచి, పార్లమెంటులో కూర్చునే అర్హత మాత్రం ఐరోపా సంతతివారికే పరిమితం చేశారు.

1909లో కేప్ మాజీ ప్రధాని విలియం ష్రైనర్ వెంట వాల్టర్ రుబుసానా, జాన్ టెంగో జబావు, అబ్దుల్లా అబ్దురహ్మాన్ వంటి తెల్లేతర నాయకులు లండన్ వెళ్లి బిల్లు మార్చమని ప్రాధేయపడ్డారు. అదే వేసవిలో గాంధీజీ కూడా భారతీయుల తరఫున అక్కడే ఉన్నారు. ఎవరికీ ఫలితం దక్కలేదు. కేప్ నల్లవారి ఓటుకు ఇచ్చిన రక్షణ మూడింట రెండు వంతుల మెజారిటీ అనే తాళం. 1936లో ఆ మెజారిటీ దొరకగానే తాళం తీసేశారు.

దక్షిణాఫ్రికాకు మూడు రాజధానులు ఎందుకు?

2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఈ ఉదాహరణ వినిపించినప్పటి నుంచి ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. అది పరిపాలనా శాస్త్రం ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు, పంతాల సర్దుబాటు. కలిసిన నాలుగు కాలనీలలో ఏదీ రాజధానిని మరొకదానికి వదలలేదు. అందుకని సచివాలయం ట్రాన్స్‌వాల్ ప్రిటోరియాకు, పార్లమెంటు కేప్‌టౌన్‌కు, అత్యున్నత అప్పీలు కోర్టు ఫ్రీ స్టేట్ బ్లూమ్‌ఫాంటేన్‌కు పంచారు. ఏమీ దక్కని నేటాల్ రాజధాని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కు కొన్నేళ్ల పాటు నగదు పరిహారం రాశారు. వందేళ్ల తర్వాత కూడా మంత్రులు, అధికారులు పార్లమెంటు సమావేశాలకు ప్రిటోరియా నుంచి కేప్‌టౌన్‌కు తిరుగుతూనే ఉన్నారు. ఆ ఖర్చు మీద అక్కడ విమర్శ ఆగలేదు. ఈ ఉదాహరణను సమర్థనగా వాడినా, ఎగతాళిగా వాడినా, ఇది యుద్ధం చేసుకున్నవారి మధ్య జరిగిన పంపకమన్నది మరచిపోకూడదు.

## ఆ పుట్టుక మిగిల్చినవి (1910 తర్వాత)

1913 భూమి చట్టం ఏం చేసింది?

1913 జూన్ 19న అమలులోకి వచ్చిన ఆ చట్టం, దేశపు నేలలో సుమారు 7 శాతాన్ని మాత్రమే ఆఫ్రికన్లకు కేటాయించి, దాని వెలుపల వారు భూమి కొనడాన్ని, కౌలుకు తీసుకోవడాన్ని నిషేధించింది. 1936లో దాన్ని 13 శాతం వరకు పెంచుతామన్నారు. అప్పటివరకు తెల్ల రైతు పొలంలో సొంత ఎద్దులతో దున్ని, పంటలో సగం ఇచ్చి సగం తీసుకునే పాలికాపులు, ఫ్రీ స్టేట్‌లో ఒక్కసారిగా కూలిగా మారడమో, పశువులు తోలుకుని రోడ్డున పడటమో తేల్చుకోవలసి వచ్చింది. వారిని సైకిలు మీద తిరిగి చూసి నమోదు చేసిన సోల్ ప్లాట్యే, అంతకు ఏడాది ముందు 1912 జనవరి 8న బ్లూమ్‌ఫాంటేన్‌లో పుట్టిన సంస్థకు తొలి ప్రధాన కార్యదర్శి. తర్వాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌గా పేరు మారినది అదే. యూనియన్ తమను బయట పెట్టడం వల్లే ఖోసా, జులూ, సోతో నాయకులు మొదటిసారి ఒకే వేదిక మీద కూర్చున్నారు.

దక్షిణాఫ్రికా స్వాతంత్ర్య దినం ఏది?

మన ఆగస్టు 15 లాంటి రోజు వారికి లేదు. 1910 మే 31న యూనియన్ ఏర్పడింది. బోయర్లు లొంగిపోయిన తేదీనే ఎంచుకున్నారు. 1931లో బ్రిటిష్ పార్లమెంటు చట్టంతో పూర్తి శాసనాధికారం వచ్చింది. 1961లో, మళ్లీ మే 31నే, గణతంత్రమైంది. అది కూడా తెల్లవారు మాత్రమే ఓటేసిన ప్రజాభిప్రాయ సేకరణ మీద. అందరూ ఓటేసిన తొలి రోజు 1994 ఏప్రిల్ 27. స్వేచ్ఛా దినంగా ఇప్పుడు సెలవిచ్చేది దానికే. మే 31కు సెలవు ఎత్తేశారు.

పోగొట్టుకున్న భూమిని ఇప్పుడు తిరిగి ఇస్తున్నారు కదా?

కొందరికి ఇస్తున్నారు. 1994 నాటి చట్టం ప్రకారం 1913 జూన్ 19 తర్వాత జాతి వివక్ష చట్టాల వల్ల భూమి కోల్పోయినవారికి దావా వేసే వీలు కల్పించారు. 1998 చివరి గడువు నాటికి దాదాపు 80,000 దావాలు వచ్చాయి. చాలా పట్టణ దావాలు భూమితో కాక నగదుతో ముగిశాయి. ఆ తేదీకి ముందు, అంటే ఫిష్ నది ఒడ్డున, కాలెడాన్ లోయలో, లీస్‌బీక్ దగ్గర యుద్ధాలలో పోయిన భూములు ఈ చట్టం కిందకు రావు. అంత వెనక్కి వెళితే ఒకే నేలకు ముగ్గురు నలుగురు హక్కుదారులు తేలతారన్నది ప్రభుత్వం చెప్పిన కారణం, కాదనలేని కారణమే. అయినా, అసలు ఆక్రమణ చాలావరకు పూర్తయ్యాక మొదలయ్యే గడియారం ఎవరికి మేలు చేస్తుందో ఊహించడం కష్టం కాదు. 2017 భూమి లెక్కల ప్రకారం వ్యక్తుల పేరిట ఉన్న సాగుభూమిలో 72 శాతం తెల్లవారిదే.

అక్కడి రాజ్యాంగంలో తెలుగు పేరు ఉందంటారు, నిజమా?

నిజం. 1996 రాజ్యాంగంలోని ఆరవ సెక్షను, అధికార భాషలతో పాటు దేశంలోని సమాజాలు మాట్లాడే ఇతర భాషలను కూడా గౌరవించి ప్రోత్సహించాలంటూ కొన్నింటిని పేరుపేరునా చెబుతుంది. తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగు అందులో ఉంది. అధికార భాష హోదా కాదిది. అక్కడ 1931లోనే ఆంధ్ర మహాసభ ఏర్పడి తెలుగు తరగతులు, పండుగలు నడిపింది. ఇళ్లలో మాత్రం ఇప్పుడు మాట్లాడేది దాదాపు ఆంగ్లమే. తెలుగు పెళ్లిలోనూ, భజనలోనూ, ఇంటి పేరులోనూ మిగిలింది.

మా ముత్తాత తమ్ముడు నేటాల్ వెళ్లాడని ఇంట్లో చెబుతారు. ఆయన వివరాలు దొరుకుతాయా?

దొరికే అవకాశం ఉంది. ప్రతి ఓడకూ ఒక జాబితా రాశారు. డర్బన్‌లోని క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయం గాంధీ-లుతూలీ కేంద్రంలో వాటిని భద్రపరచారు. ఒక్కో మనిషికి ఒక్కో వరుస: వలస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తు. మొదటి గడిలోని ఆ సంఖ్యే కూలీకి బతికినంత కాలం చిరునామా. ఫిర్యాదుకైనా, పెళ్లి నమోదుకైనా, చావు చీటీకైనా దాన్నే రాసేవారు. వెతికేటప్పుడు ఇంటిపేరుతో మొదలుపెట్టకండి, ఎందుకంటే చాలా వరుసల్లో ఉన్నది ఒక్క పేరే. ఊరి పేరును కూడా, తెలుగు రాని గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడని గుర్తుంచుకుని, పైకి చదివి చూడండి. తండ్రి పేరు, తాలూకా, ఊరు మూడూ కలిసిన వరుస కనిపిస్తే, చివరి గడిలో ఎడమ మోకాలి మీద మచ్చ అనో, నుదుట పచ్చబొట్టు అనో రాసి ఉంటుంది. దాన్ని ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి.